పురుగు పట్టని బియ్యం

కంభం చెరువు ఆయకట్టులో ఒక పల్లె. మార్చి నెల, మధ్యాహ్నం. మార్కాపురం నుంచి వచ్చిన బియ్యం వ్యాపారి ఉమామహేశ్వర్లు, రైతు ఇశ్రాయేలు ఇంటి వసారాలో కూర్చున్నాడు. మూటలు ఎక్కించుకుపోవడానికి తెచ్చిన ట్రాలీ ఆటో బయట ఖాళీగా ఉంది.

"తొమ్మిదా?"

"తొమ్మిది, ఇశ్రాయేలూ. తొమ్మిది రకాల పురుగుమందులు. నీ బియ్యంలో."

"మందు కొట్టని బియ్యంలో?"

"మందు కొట్టని బియ్యంలోనే. కొట్టిన బియ్యంలో గూడ రెండో మూడో దొరుకుతాయంట. ల్యాబులో పిల్లోడు నాకు ఫోన్ చేసి అడిగినాడు. సార్, మీరు పంపించింది బియ్యమా, మీ కొట్లో అరలు తుడిచిన గుడ్డా అని."

"వాడి మిషను చెడిపోయిందేమో."

"చెడిపోయిన మిషను ఒకటి ఎక్కువ చూపిస్తది, ఒకటి తక్కువ చూపిస్తది. తొమ్మిదింటినీ పేర్లు పెట్టి పిలవదు."

"ఏమో శెట్టిగారా. మా అల్లుడయ్యగారింట్లో షుగరు మిషను ఉంది. వేలు పెడితే నాకు షుగరుందంటది. నాకు లేదు."

"ఆస్పత్రిలో ఏమన్నారు?"

"పోలేదు. లేనిదానికి పోయేది దేనికి?"

"అట్లుంది నీ లెక్క. ఇంతకీ ఆయన అల్లుడా, అయ్యగారా?"

"ఇంట్లో అల్లుడు, చర్చిలో అయ్యగారు. మా రాహేలును కృపావరానికిచ్చినాం గదా, ఆయన్ను మన సంఘానికే పాస్టరుగా వేసినారు. చర్చి పక్కనే ఒంటి గది ఇల్లు."

"పిల్ల ఎట్లుంది?"

"ఏడో నెల. మొదటి కాన్పు నిలవలేదు గదా, వాళ్ళమ్మకు నిద్ర లేదు. ఆ పిల్ల తుమ్మినా ఈడ ఈమె ఉలిక్కిపడుతాది."

"దేవుడు చల్లగా చూస్తాడులే. నన్ను మాత్రం హైదరాబాదోళ్ళు చూస్తాండారు. ఏడాది పొడుగునా నీ బియ్యమే కావాలన్నారు. సంచి మీద నీ ఫోటో అచ్చేస్తామన్నారు. ఈ రిపోర్టు చూపిస్తే ఇప్పుడూ వేస్తారు ఫోటో. పోలీస్ స్టేషన్ గోడ మీద."

"ఆ ఫోటో కోసం నా నెత్తికి తలపాగా చుట్టినావు శెట్టీ. మా నాయన గూడ పుట్టి తలపాగా ఎరగడు. పల్లెంతా బయటికొచ్చి నవ్వినారు."

"రైతంటే తలపాగా ఉండాల. లేకుంటే ఫ్లాట్లలో ఉండేవాళ్ళు నమ్మరు."

"నవ్వితే నవ్వినారులే అనుకున్నా. మూడేండ్ల నుంచి అలవాటే గదా. పేడ ఇశ్రాయేలు అన్నారు. చేనికి కొట్టే కషాయం కాస్తాంటే, ఎవరికి మామా జొరం అన్నారు. ఆ సంచి ఒక్కటి నా చేతికొస్తే చాలు, ఖాళీదైనా సరే, వాకిలికి తగిలించి అందరి నోళ్ళు మూయిద్దామనుకున్నా."

"తెలుసు. అందుకే నేనే బయలుదేరి వచ్చినా. ఫోన్లో చెప్తే నువ్వు యాడ మందు తాగుతావోనని."

"తాగుదామన్నా నా ఇంట్లో మందు యాడుంది శెట్టిగారా? పొద్దట్నుంచి నేను చెప్పేది అదే గదా!"

"అరవొద్దు. నాకు అర్థం కానిదేందంటే, ఈ తడవ బియ్యం ఎన్నడూ లేనంత బాగుంది. పోయినేడు నీ బియ్యానికి నెల తిరక్కముందే పురుగు పట్టేది. టీచరమ్మలు కవరు తెచ్చి నా ముందర బోర్లించి, ఇవేంది శెట్టీ, వీటికి కూడా డబ్బులు తీసుకుంటివా అనేవాళ్ళు. మందు లేదు కాబట్టే పురుగొచ్చిందమ్మా, పురుగే సర్టిఫికెట్టు అని సర్ది చెప్పేవాణ్ణి."

"అది నిజమే గదా."

"నిజం చెప్పి అమ్మితే ఎంత కష్టమో నీకేం తెలుసు? పోయిన నెల తీసుకపోయిన లోడుకు మాత్రం ఒక్క పురుగు లేదు. మా ఇంటామె సావిత్రికి పురుగు కనపడితే ఇల్లంతా కేకలు. నీ బియ్యం గడప తొక్కనిచ్చేది కాదు. ఈ తడవ బాగుందని మా ఇంటికే రెండు మూటలు దించినా. రెండు పూటలా అదే వండుతాంది."

"అంతా దేవుడి దయ."

"మూట కుట్టు గూడ ఎంత బాగుందో. చీరకు ఫాలు కుట్టినట్టు."

"నేనెప్పుడూ అట్లే కుడతా."

"అంతకుముందు గోతానికి ఆపరేషన్ చేసినట్టు కుట్టేవాడివి. గింజ మాత్రం ఒక్క తీరుగా లేదు. సన్నదీ లావుదీ కలిసి ఉంది. రేషన్ స్టోరు బియ్యంలో వచ్చే తెల్ల గింజ గూడ ఒకటి కనపడిందని ఒకాయన గొణిగినాడు. ప్రకృతి అంతా ఒకే సైజు చేస్తుందా సార్, మీ ఇంట్లో పిల్లలందరూ ఒకే ఎత్తున్నారా అని పంపించినా."

"నా చేలో ఒక్కటే రకం వేసినా శెట్టీ."

"మరి అదెట్ల..."

"మజ్జిగ తీసుకోండి శెట్టిగారా. ఎండన పడి వచ్చినారు."

"ఆఁ, దయామణమ్మా, మంచి సమయానికొచ్చినావు. మీ ఆయనకేదీ?"

"ఆయనకు ఉపాసం. మూడు దినాలు. ఈ పొద్దు రెండోది."

"ఎందుకు ఉపాసం?"

"సంఘం సంగతిలెండి. ఎందుకు మీకు? ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది. ఇశ్రాయేలూ, కడుపు మాడ్చుకుని ఉన్నావు, అబద్ధమాడే ఓపిక ఉండదు. అడిగినదానికి చెప్పు. నీ పైమడి ఎవరిది?"

"మా పెద్దన్నది."

"కొడతాడా మందు?"

"ఆయన కొట్టడు శెట్టిగారా, స్నానం చేయిస్తాడు. కానీ గట్టు పెంచినా నేను. ఆయన నీళ్ళు నా మడిలోకి రావు."

"గాలి?"

"గాలికి గట్టు యాడ కట్టేది?"

"అదొకటి. కషాయం కొట్టినావే, ఆ స్ప్రేయరు ఎవరిది?"

"కడిగినా."

"ఎవరిదని అడిగితే కడిగినా అంటావేంది?"

"కరుణాకరానిది. బాడుగకు తెచ్చినా. కడిగినా శెట్టీ! రెండు బిందెల నీళ్ళతో కడిగినా."

"ప్రతి తడవా?"

"మొదటి తడవ."

"అది రెండు. గోతాలు? పాత గోతాల్లో పోసినావా?"

"గోతాలు మీరిచ్చినవే గదా."

"నేనిచ్చినవా? యాడ పెట్టినవి?"

"మీ ఎడమ షట్టర్లో నుంచే గదా తీసిచ్చినారు. కొడితే నాలుగు దినాలు తుమ్ములొచ్చే వాసన."

"దాన్నట్ల వదిలెయ్."

"వదిలెయ్యడమేంది? కుడి షట్టర్లో మందు లేని బియ్యం, ఎడమ షట్టర్లో మందు. మధ్యలో గోడ గూడ సగమే ఉంది. మీ కొట్లో ఒక దినం నిలబడితే నాకే తొమ్మిది రకాలు దొరుకుతాయి."

"ఏయ్, వ్యాపారాన్ని వ్యాపారంగా చూడు. ఎడమ చేతి సంపాదనతోనే కుడి షట్టరు నిలబడింది. నీ బియ్యం ఒక్కటే అమ్మి బతకాలంటే నేనూ నీ మాదిరి మూడు దినాలు ఉపాసం ఉండాల."

"చెప్పేది చెప్పినా."

"గాలి, స్ప్రేయరు, గోతం. అన్నీ కలిపినా రెండో మూడో చుక్కలు. తొమ్మిది రావు. ఉండు, కళ్ళజోడు పెట్టుకోని. ఇంతవరకు పేర్లు సరిగా చూడలేదు. ఇది దోమ మందు. ఇది... ఇది నేను ఒక్కరికే తెప్పించినా. మీ పెద్దన్నకే."

"చెప్పినా గదా, గాలి!"

"ఇది అగ్గితెగులుకు. కరుణాకరం. ఒకటికి రెండింతలు పోసేదీ ఆయనే. ఇది ఆకుముడతకు. ఈ మందు కృష్ణవేణమ్మ తప్ప ఎవరూ కొనరు, డబ్బా మీద మొగలిపువ్వు బొమ్మ బాగుందంటాది."

"కృష్ణవేణమ్మ చేను రోడ్డవతల గదా. ఆడ్నుంచి గాలి ఎట్లొస్తది?"

"అదే నేనూ అనుకుంటాండా. ఇది నిత్యానందం. ఇది ఇస్సాకు. ఇస్సాకు చేను యాడ?"

"వాగు దాటాల."

"వాగు దాటి వచ్చిందా గాలి? ఇదిగో, ఇది అసలు అమ్మగూడదని రెండేండ్లయింది."

"ఎవరికమ్మినారు?"

"అమ్మలేదు. అడిగితే ఇచ్చినా. మాటలో తేడా ఉంది. ఇశ్రాయేలూ, నా నోరు ఎండిపోతాంది. ఇది బియ్యం రిపోర్టు కాదబ్బా. మీ పల్లె మొత్తం ఉంది ఇందులో."

"పల్లె మొత్తం కాదు శెట్టిగారా. మా సంఘం. మీరు చెప్పినోళ్ళందరూ ఆదివారం చాప మీద నా పక్కన కూర్చునేవాళ్ళే."

"అయితే ఇది పంట కాదు, ఆరాధన."

"మే, దయామణీ. ఈడికి రా."

"పొయ్యి మీద..."

"పొయ్యి మీద ఏమీ లేదు. ఉపాసం. శెట్టిగారికి సాంపిల్ కావాలంటే నేను చేనికాడ ఉన్నా, నిన్ను లోపలి గదిలో మూటలోంచి రెండు కిలోలు కట్టి ఆటోకి ఇయ్యమన్నా. నువ్వు యాడ్నుంచి తీసినావు?"

"బియ్యం కుండలోది."

"ఏ బియ్యం కుండ?"

"ఇంట్లో ఎన్ని ఉంటాయి కుండలు?"

"రెండు. ఒకటి మనది, ఒకటి దేవుడిది."

"అబ్బ, గుర్తు లేదయ్యా. ఆటోవాడు హారన్ కొడతాండాడు. చేతికందిన దాంట్లో ముంచినా."

"చేతికందింది ఏది?"

"దేవుడిది."

"దేవుడిదా!"

"దేవుడిది ఏంది ఇశ్రాయేలూ? నాకు తెలిసేటట్టు చెప్పు. దేవుడికి విడిగా వంటా?"

"పిడికెడు బియ్యం శెట్టిగారా. మా ఇండ్లల్లో ఆడోళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినాక, వండే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తారు. పూటకొక పిడికెడు. నెల మొదటి ఆదివారం అన్ని ఇండ్లోళ్ళూ తెచ్చి చర్చిలో పోస్తారు. అయ్యగారిది ఒంటి గది గదా, ఆ రాశి మొత్తం మా ఇంట్లోనే పెట్టేది. శనివారం శనివారం ఈమె కొలిచి అయ్యగారింటికి పంపుతాది. ఆదివారం బడికొచ్చే పిల్లలకు అన్నం గూడ దాంట్లోనే."

"అంటే నాకొచ్చిన సాంపిల్ నీ బియ్యం కాదు."

"కాదు!"

"నీ చేనుదే కాదు!"

"కాదంటే కాదు!"

"ఓరి నీ ఇల్లు బంగారం గాను! ల్యాబుకు పోయింది మీ దేవుడి బియ్యం! ఇశ్రాయేలూ, మజ్జిగ తాగు, ఇంక ఉపాసం చాలు. హైదరాబాదోళ్ళకు ఇప్పుడే చెప్తా. ఆడమనిషి, హడావిడిలో పొరపాటు పడిందని."

"ఆగండి శెట్టిగారా."

"ఏంది మళ్ళా? నీ మొకం ఇంకా తలపాగా చుట్టినప్పటి మాదిరే ఉంది."

"పిడికెడు అనేది వండుకునే బియ్యంలోంచి గదా తీసేది. తినేదాంట్లోంచి."

"అంతే గదా నువ్వు చెప్పింది."

"మా పెద్దన్న తినేదానికి మందు కొట్టడు. బావికాడ విడిగా ఒక మడి ఉంది ఆయనకు. ఇంటి మడి. కరుణాకరానికీ ఉంది. ఇస్సాకుకూ ఉంది. ఈ ఊళ్ళో చారెడు నేలున్న ప్రతివాడికీ ఒక ఇంటి మడి ఉంది. అమ్మేది మందుది, తినేది మందు లేనిది. అందరికీ తెలిసిందే."

"జిల్లా అంతా అంతే. నేను మందు అమ్మేటప్పుడే అడుగుతా, ఇంటి మడి వదిలినావా నాయనా అని."

"మరి తినేదాంట్లోంచి తీసిన పిడికిట్లో మందు యాడిది?"

"ఓహో."

"ఏందే దయామణీ, తల దించుకుంటావేంది?"

"దించుకోలా. చాట చూసుకుంటాండా."

"చెప్పు."

"నీకు ఇప్పుడు తెలిసిందా? ఆడోళ్ళందరికీ ఎప్పుడో తెలుసు. అమ్మే మూట ఒకటి మూతి విప్పి పక్కన పెట్టుకుంటారు. పిడికెడు దాంట్లోంచి. తినే బియ్యం తక్కువ ఉంటాయి, ఏడాది రావాల గదా. మొదట పెద్దన్న పెండ్లాం మొదలుపెట్టింది. ఆమె పోస్తాంటే మనం ఎందుకని అందరూ."

"దేవుడికా? అమ్మే మూటలోదా?"

"దేవుడు తినడు గదయ్యా. ఆయన పేరు మీద పోస్తారు, అంతే."

"ఆయన తినడు సరే, తినేది ఎవరు? మన పిల్ల! మన అల్లుడు!"

"అరిచినావు గాబట్టి ఇంకోటి గూడ విను. నెలంతా కుండలో ఉంటే పురుగు పడుతుంది. చర్చిలో పోసేటప్పుడు ఎవరి బియ్యంలో పురుగు కనపడితే వాళ్ళ పరువు పోతది. పాస్టరమ్మ చూస్తుంది, పక్కనోళ్ళు చూస్తారు. అందుకని చిటికెడు పొడి కలుపుతారు."

"ఏం పొడి?"

"విత్తనాలకు కలిపే తెల్లపొడి. శెట్టిగారి కొట్లోదే."

"ఎడమ షట్టరే, ఒప్పుకున్నా. ఆ పొట్లం మీద పుర్రె బొమ్మ ఉంటాది తల్లీ."

"బొమ్మదేముంది, మీరే అన్నారు గదా పొడి వేస్తే ఇంక చూసుకోనక్కర్లేదని."

"విత్తనాలకు అన్నానమ్మా! దేవుడికి అనలేదు!"

"దయామణీ. మన ఇంట్లో నుంచి పోసేది ఏది?"

"స్టోరు బియ్యం."

"మన చేను బియ్యం పెట్టుకోని?"

"మన చేను బియ్యం యాడుంది? నువ్వు గింజ మిగల్చకుండా మూటలకు పోసి, కుట్టి, లోపలి గదికి తాళం వేసినావు. మనం తినేదే స్టోరు బియ్యం. రాహేలుకు ఒక్క మూట ఇయ్యమని కాళ్ళు పట్టుకుంటే ఏమన్నావు?"

"నేననలా. అల్లుడు వద్దన్నాడు. పాస్టరమ్మ అర్పణ బియ్యం పక్కన పెట్టి అమ్మగారింటి బియ్యం తింటాందని సంఘానికి తెలిస్తే బాగుండదన్నాడు."

"ఆయన అన్నాడు. నువ్వు తల ఊపినావు. ఆ బియ్యంలో ఏందో ఉందని నేను అంటే, నీకు విశ్వాసం చాలదు అత్తా, దానికి పురుగే పట్టదు చూడు అన్నాడు. అప్పుడూ తల ఊపినావు."

"ఆ బియ్యానికి పురుగు పట్టదా?"

"పట్టదు శెట్టిగారా. అదే మా... ఎట్ల చెప్పేది. అదే మా సంఘంలో జరిగిన అద్భుతం."

"ఏంది?"

"అర్పణ బియ్యానికి పురుగు పట్టదు. ఆరేండ్లుగా. ఎవరి ఇండ్లల్లో చూసినా పురుగు, అయ్యగారి ఇంట్లో కుండకు లేదు. దేవుని సొమ్ము చీడ ముట్టదని గిద్దలూరు సభల్లో మా అల్లుడు సాక్ష్యం చెప్పినాడు. మూడు వేలమంది చేతులెత్తినారు. తర్లుపాడు నుంచి, పొదిలి నుంచి జనం వచ్చి, ఆ కుండలో బియ్యం చూసి, నాలుగు గింజలు కొంగుకు కట్టుకొని పోయినారు."

"అయ్యో... అయ్యో, ఉండబ్బా... పొలమారింది..."

"నీళ్ళు తాగండి."

"పొట్లం మీద ఉన్నదే గదయ్యా అది! ఆరు నెలలు పురుగు రాదని రాసే ఉంటాది! అద్భుతానికి నా దగ్గర బిల్లు బుక్కు ఉంది ఇశ్రాయేలూ!"

"నవ్వొద్దు శెట్టీ."

"నవ్వలేదు. ఇదిగో ఆపినా. మీ అల్లుడికి చెప్పు, ఈ తడవ సాక్ష్యంలో కంపెనీ పేరు గూడ చెప్తే నాకు కమీషన్ వస్తది."

"నవ్వొద్దన్నా గదా. మొదలే సంఘం గొడవలో ఉంది. ఆ అద్భుతం గూడ ఆగిపోయింది."

"ఆగిపోయిందా?"

"నెల దాటింది. అయ్యగారి ఇంట్లో కుండకు పురుగు పట్టింది. మొదట ఒకటీ రెండూ. ఇప్పుడు మూత తీస్తే గోడెక్కి పోతాండాయి. సంఘంలో ఎవరో దాచిపెట్టిన పాపం ఉంది, ఒప్పుకునేదాకా ఉపాసం అన్నాడు అల్లుడు. అందుకే మూడు దినాలు. నిన్న కరుణాకరం ముగ్గురి దగ్గర ఏడ్చి ఎప్పటెప్పటివో ఒప్పుకున్నాడు. పురుగు తగ్గలా."

"పొడి వెయ్యడం మర్చిపోయింటారు ఆడోళ్ళు."

"అంతే అయింటది. ఆరేండ్లు ఆ కుండ నా ఇంట్లో ఉంది శెట్టిగారా. ఒక్క దినం మూత తీసి వాసన చూడలా నేను. మందు వాసన నాకు తెలియదా? చేనిగట్టు మీద నిలబడి ఎవరు ఏం కొట్టినారో చెప్తా. ఇంట్లో కుండ దగ్గర మాత్రం ముక్కు పనిచెయ్యలా."

"మూత తియ్యనంతకాలం అందరం భక్తులమేలే. ఇప్పుడు నీ అల్లుడి సంగతి నువ్వు చూసుకో, నా బియ్యం సంగతి నేను చూసుకుంటా. లోపలి గది తెరువు. ఒక మూట నా కండ్ల ముందర విప్పి సాంపిల్ తీస్తా, ఈ పొద్దే బస్సుకేస్తా. వారంలో రిపోర్టు, ఆ పక్క వారం నీ మొకం సంచి మీద."

"అంతే కానియ్యండి. ఉండండి, తాళం చెవి... మేకుకు ఉండాల. మే, తాళం చెవి ఏది?"

"ఇంకో గ్లాసు పొయ్యనా శెట్టిగారా?"

"మజ్జిగ కాదే, తాళం చెవి."

"యాడో ఉంటది. మధ్యాహ్నం పూట మూటలు విప్పకూడదు, వేడికి గింజ పగులుతాది."

"గింజ పగిలేది యాడన్నా ఉందా? నీ కొంగుకు వేలాడేది ఏంది?"

"ఇదా? చర్చి పెట్టెది."

"చర్చి పెట్టె చెవి నా మొలతాడుకుంది. ఇటియ్యి."

"ఇయ్యమ్మా దయామణమ్మా. మీ ఆయన మొకం చూడు, చిన్నపిల్లోడు పరీక్ష మళ్ళా రాస్తానన్నట్టు ఉన్నాడు. నీ పొరపాటే గదా ఇదంతా. ఎవరూ ఏమీ అనరులే."

"ఇస్తా. ఏ మూటైనా విప్పుకోండి. కానీ బస్సు ఖర్చు దండగ శెట్టిగారా. ఏ మూటలోంచి తీసినా ఆ తొమ్మిదే వస్తాయి."

"ఏందే నువ్వనేది?"

"శెట్టిగారు మెచ్చుకున్న కుట్టు నీది కాదు. నాది."

"నువ్వు... నా మూటలు విప్పినావా?"

"మొదట ఒకటే అనుకున్నా. రాహేలుకు ఈ మూడు నెలలు సరిపోతే చాలని. శనివారం కొలిచి పంపేది నేనే గదా, ఎవరికి తెలుస్తది? తీసినంత మేర చర్చి బియ్యం పోసి కుట్టేసినా. తర్వాత ఆదివారం బడి పిల్లలు పళ్ళేలు పట్టుకోని కూర్చున్నారు. నా బిడ్డకు వేరేగా, వాళ్ళకు అదీ ఎట్ల పెట్టేది? ఇంకోటి విప్పినా. ఇంకోటి."

"ఎన్ని మిగిలినాయి నావి?"

"చూసుకో పో."

"నా మొకం అచ్చేసే బియ్యం దయామణీ అది!"

"నీ మొకం సంచి మీద గదా వేసేది, బియ్యం మీద కాదుగదా."

"మార్కాపురంలో జనం తింటాండారమ్మా ఆ బియ్యం! పసిపిల్లలున్నారు, ముసలోళ్ళున్నారు!"

"ఈ ఊరోళ్ళు అమ్మేది ఎప్పుడూ వాళ్ళే గదా శెట్టిగారా తినేది. మీరే అడుగుతారంట గదా, ఇంటి మడి వదిలినావా అని. నేనూ వదిలినా, నా బిడ్డకు."

"ఉండు. ఉండు ఇశ్రాయేలూ, నువ్వు ఏడవొద్దు, నన్ను లెక్క చూసుకోనియ్యి. నెల కిందట అయ్యగారింట్లో కుండకు పురుగు పట్టింది. నెల కిందటే నా లోడుకు పట్టడం మానింది. మా ఇంట్లో... రెండు పూటలా... దయామణమ్మా, ఒక్క మాట చెప్పు తల్లీ. నా బియ్యంలో ఉండాల్సిన పురుగులు యాడికి పోయినాయి?"

"యాడికీ పోలేదు శెట్టిగారా. నా బిడ్డ బియ్యం కుండలో చల్లంగా ఉండాయి."